ఫొటో స్పష్టతకు దూరమే కొలమానం
పెద్దవి చేయించే ముందు చుక్కల లెక్క చూసుకోవాలి

ఇంటి పెద్ద కాలం చేస్తే పెద్దకర్మ నాటికి గోడకు తగిలించే ఫొటో కోసం కుటుంబ సభ్యులు స్టూడియోలకు పరుగులు తీస్తుంటారు. చాలా ఇళ్లలో అప్పటికి మిగిలేది సెల్‌ఫోన్‌లోని ఒకటి రెండు చిత్రాలే. వాటిని పెద్దవి చేయిస్తే ముఖం మసకబారిందని కొందరు నిరాశ చెందుతుంటారు. అదే చిత్రం కూడలిలోని శ్రద్ధాంజలి ఫ్లెక్సీపై మాత్రం చక్కగా కనిపిస్తుంది. ఈ తేడాకు ప్రధాన కారణం చూసే దూరమే.

కంటికి ఉన్న పరిమితి
డిజిటల్ చిత్రం పిక్సెళ్లనే చిన్న చుక్కల సమూహం. అంగుళం నిడివిలో ఎన్ని చుక్కలు పడతాయన్నదే రిజల్యూషన్. ఒక డిగ్రీలో 60వ వంతు కోణం కన్నా దగ్గరగా ఉన్న రెండు చుక్కలను సాధారణ దృష్టి గల కన్ను విడదీసి చూడలేదు. అడుగు దూరంలో ఇది అంగుళానికి సుమారు 290 చుక్కలతో సమానం. చేతిలో పట్టుకుని చూసే ఫొటోలను 300 చుక్కలతో ముద్రించడం ఇందుకే. దూరం రెట్టింపైతే సగం చుక్కలు చాలు.

ఒకే చిత్రం.. మూడు కొలతలు
ఒక చిత్రంలో 1800×1200 చొప్పున 21.60 లక్షల చుక్కలు ఉన్నాయనుకుందాం. 6×4 అంగుళాల కాగితంపై అడుగు దూరం నుంచి అది స్పష్టంగా కనిపిస్తుంది. 18×12 అంగుళాలకు పెంచితే మూడడుగులు, 12×8 అడుగుల ఫ్లెక్సీపై వేస్తే 24 అడుగుల దూరం నుంచి అంతే స్పష్టత ఉంటుంది. దగ్గరకు వెళితే చుక్కలు బయటపడతాయి.

గ్రూప్ ఫొటోతోనే చిక్కు
పెళ్లి గ్రూప్ ఫొటోలోంచి ఒక్క ముఖాన్ని కత్తిరిస్తే 400×300 చుక్కలే మిగలవచ్చు. దానిని 16×12 అంగుళాలకు పెంచితే అంగుళానికి వచ్చేవి 25 మాత్రమే. పదకొండు, పన్నెండు అడుగుల అవతలి నుంచి చూస్తే తప్ప బాగుండదు. చిన్న గదిలో అది సాధ్యం కాదు. అటువంటప్పుడు చిన్న సైజుతో సరిపెట్టుకోవడమే మేలు.

ఈ జాగ్రత్తలు అవసరం
వాట్సప్‌లో మామూలుగా పంపితే చిత్రం కుదించుకుపోతుంది. డాక్యుమెంట్ రూపంలో గానీ పెన్‌డ్రైవ్‌లో గానీ ఇవ్వాలి. పాత కాగితపు ఫొటో ఉంటే సెల్‌ఫోన్‌తో తీయకుండా స్కానింగ్ చేయించాలి. కంప్యూటర్‌లో చుక్కల సంఖ్య పెంచినా అసలు చిత్రంలో లేని వివరం తిరిగి రాదు. కృత్రిమ మేధ సాఫ్ట్‌వేర్లు ఆ లోటును ఊహించి పూరిస్తాయి. ముఖం నునుపు తేలినా పోలికలు మారిపోవచ్చు. ముద్రణకు ముందే ఇంట్లోని వారంతా ఒకసారి సరిచూసుకుంటే తర్వాత బాధపడే పని ఉండదు.