పార్కులో దీపాలు వెలిగితే చాలదు, పిల్లలు పరుగెత్తాలి

5-17 ఏళ్ల పిల్లలు రోజుకు సగటున కనీసం 60 నిమిషాలు ఒళ్లు అలిసేలా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. కానీ 2016 నాటి లెక్కల ప్రకారం ప్రపంచంలో 11-17 ఏళ్ల వారిలో 81 శాతం మందికి ఆ మాత్రం కదలిక కూడా లేదు. ఫోనుకు అతుక్కుపోయిన పిల్లల్ని బయటికి రప్పించేందుకు అదే టెక్నాలజీని ఆటస్థలంలో పెట్టొచ్చా?

యూరప్‌లో ఇప్పటికే పెట్టారు. డచ్ కంపెనీ యాల్ప్ తయారుచేసే 'సోనా' అనే ఆర్చి పైన కెమెరా ఉంటుంది. కింద పిల్లల కదలికల్ని అది పసిగడుతుంటే, స్పీకర్లు ఆట నడిపిస్తాయి. అదే కంపెనీ 'సుటు' గోడకు బంతి ఎక్కడ తగిలిందో సెన్సర్లు గుర్తిస్తాయి. చూపు తెర మీద నిలిచిపోదు, ఒళ్లు కదులుతుంది.

అసలు చిక్కు ఆట నియమాల దగ్గర వస్తుంది. యంత్రం చెప్పినట్టే ఆడాలంటే, కొత్త మోజు తీరగానే పిల్లలు వదిలేస్తారు. అందుకే నెదర్లాండ్స్‌లోని ఐంధోవెన్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో టిల్డె బెకర్ వంటి పరిశోధకులు నియమాలను పిల్లలకే వదిలే ఆట వస్తువులపై పనిచేశారు. వస్తువును కదిలిస్తే వెలుగు మారుతుంది, అంతే. దానితో ఏం ఆడాలో పిల్లలే తేల్చుకుంటారు. మన తొక్కుడుబిళ్ల కూడా అంతే కదా! నేల మీద నాలుగు గీతలు, ఒక పెంకు ముక్క. మిగతాదంతా పిల్లలు కల్పించుకున్నదే.

మన దగ్గర ఇలాంటివి పెట్టేముందు మరో మూడు విషయాలు తేల్చుకోవాలి. మొదటిది, ఎండ, వాన, దుమ్ము తట్టుకోవాలి. కరెంటు పోయినా ఎక్కడానికి, దూకడానికి, దాక్కోవడానికి పనికిరావాలి. రెండోది, మరమ్మతు. కొన్న రోజే నిర్వహణ ఖర్చు కూడా బడ్జెట్‌లో లేకపోతే, అది తుప్పుపట్టిన ఉయ్యాల పక్కన మరో పాత ఇనుము అవుతుంది. మూడోది, కెమెరా. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారి డేటా వాడాలంటే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలంటోంది. కొన్ని మినహాయింపులు తప్ప, పిల్లలపై నిఘాను నిషేధిస్తోంది. కాబట్టి కదలికను గుర్తించాలే తప్ప ముఖాన్ని దాచుకోకూడదు. ఒత్తిడిని పసిగట్టే నేల పలకతోనే పని జరిగితే కెమెరా అసలే అక్కర్లేదు.

ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం చెప్పింది. ముందు ఆ చోటు ఉండాలి, తర్వాతే దీపాలు. చోటే లేని బడికి ఏ సెన్సరూ ఆట నేర్పలేదు.