ఇంటి పగ్గాలు ఇంట్లోనే ఉండాలి

మిద్దె మీది ట్యాంకు నిండి నీళ్లు వీధిలోకి పారేదాకా మోటారు కట్టేయాలన్న సంగతి గుర్తుకు రాని ఇళ్లు తక్కువేమీ కాదు. ఆ కట్టేసే పనిని నేడు వేలిగోరుకన్నా చిన్నదైన చిప్ చేసిపెట్టగలదు. అయితే ఆ చిప్‌కు ఆజ్ఞ ఎక్కడి నుంచి వస్తోందన్నదే అసలు ప్రశ్న.

షాంఘైలోని ఎస్‌ప్రెసిఫ్ సంస్థ తయారుచేసిన ఇ.ఎస్.పి. 8266 చిప్ 2014లో ఔత్సాహికుల చేతికి వచ్చింది. దాని కొలత అటు 5, ఇటు 5 మిల్లీమీటర్లు మాత్రమే. వైఫై అందులోనే ఇమిడి ఉంది, ధరా స్వల్పమే. అందుకే అది త్వరగా ప్రాచుర్యంలోకి వచ్చింది. బ్లూటూత్ కూడా కలిగిన ఇ.ఎస్.పి. 32 చిప్ 2016లో వెలువడింది.

పని జరిగే తీరు తేలికైనదే. ట్యాంకు మూత కింద అమర్చిన సెన్సర్ చెవికి వినిపించని ధ్వనిని నీటి మీదికి పంపుతుంది. అది తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి నీటిమట్టం తెలుస్తుంది. చిప్ ఆ లెక్కను వైఫై ద్వారా ఇంట్లోని చిన్న కంప్యూటర్‌కు అందజేస్తుంది. నీరు నిర్ణీత మట్టానికి చేరగానే కంప్యూటర్ ఆజ్ఞ ఇస్తుంది, రిలే మోటారును ఆపుతుంది. ఇంత పనికీ ఇంటర్నెట్‌తో నిమిత్తం లేదు.

బజారులో దొరికే పరికరాలు అనేకం ఇలా పనిచేయవు. పక్కగదిలో దీపం వెలగాలన్నా ఆజ్ఞ ఎక్కడో ఉన్న కంపెనీ సర్వర్‌కు వెళ్లి రావాలి. కంపెనీ తలుపులు మూస్తే పరికరం మూగబోతుంది. అమెరికాలో రివాల్వ్ అనే పరికరాన్ని జనం సుమారు 300 డాలర్లు పెట్టి కొన్నారు. ఆ సంస్థను 2014లో నెస్ట్ కొనుగోలు చేసింది. 2016 మేలో ఆ సేవ నిలిపివేయడంతో పరికరం పనికిరాకుండా పోయింది. 2022 ఏప్రిల్‌లో ఇన్‌స్టియాన్ సంస్థ సర్వర్లు కూడా ముందస్తు కబురు లేకుండా ఆగిపోయాయి. కాగా, తమ పరికరాలను ఇంట్లోని కంప్యూటర్‌కే కలుపుకొన్న వారి దీపాలు మాత్రం యథాప్రకారం వెలిగాయి.

అలాంటి వారికి అండగా నిలిచిన వాటిలో హోమ్ అసిస్టెంట్ ఒకటి. పౌలస్ షౌట్సెన్ 2013లో దీనిని ప్రారంభించారు. దీని ప్రోగ్రాం ఎవరైనా చదవవచ్చు, మార్చుకోవచ్చు, రుసుము లేదు. చిప్‌లోకి సూచనలు ఎక్కించేందుకు ఇ.ఎస్.పి. హోమ్ అనే మరో ఉచిత ప్రోగ్రాం ఉంది. 'నిండగానే ఆపు' అన్న నియమాన్ని దీని ద్వారా చిప్‌లోనే రాసిపెడితే, కంప్యూటర్ ఆగినా మోటారు ఆగక మానదు. ఈ రెండింటి బాధ్యతనూ 2024లో ఓపెన్ హోమ్ ఫౌండేషన్‌కు అప్పగించారు. ఏ కంపెనీ వీటిని కొని మూసివేయకుండా చూడటమే దాని ఉద్దేశం.

ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి. చిప్‌కు కావలసింది 3.3 వోల్టులు, ఇంటి కరెంటు 230 వోల్టులు. చిన్న రిలేను నేరుగా మోటారుకు కలపరాదు, మధ్యలో తగిన కాంటాక్టర్ ఉండాలి. ఆ పనిని ఎలక్ట్రీషియన్‌కే వదిలిపెట్టాలి. అలాగే పాత స్విచ్‌ను తీసివేయరాదు. చిప్ మొరాయించిన రోజున మోటారు కట్టేయడానికి ఇంట్లోని పెద్దవారి చేతికి అదే అందుతుంది.