ఆస్ట్రేలియా సమకాలీన కళా మ్యూజియం

ఆస్ట్రేలియా సమకాలీన కళా మ్యూజియం సిడ్నీ నగరంలో సర్క్యులర్ కీ రేవునకు పడమటి ఒడ్డున ఉన్న కళా ప్రదర్శనశాల. ఇది 1991 నవంబరులో ప్రారంభమైనది. నేటి కాలపు కళాకారుల చిత్రాలు, శిల్పాలు, వీడియో కృతులు, ఛాయాచిత్రాలు ఇక్కడ ప్రదర్శించబడుతాయి. అనేక జాతుల, భాషల ప్రజలు కలిసి నివసించే నగరానికి ఇటువంటి సంస్థ ఏ విధంగా ఉపకరిస్తుందో తెలుసుకొనుటకు ఈ మ్యూజియం మంచి ఉదాహరణ.

నగర నేపథ్యం

2021 జనాభా లెక్కల ప్రకారం సిడ్నీ మహానగర జనాభా 52 లక్షలకు పైబడినది. వీరిలో ప్రతి పదిమందికి సుమారు నలుగురు విదేశాలలో జన్మించినవారే. ఇంగ్లీషుతో పాటు చైనా భాషలు, అరబిక్, వియత్నామీస్, హిందీ మొదలైనవి ఇళ్ళలో వినిపిస్తాయి. ఆస్ట్రేలియాలో ఇంటివద్ద తెలుగు మాట్లాడేవారి సంఖ్య 2016లో సుమారు 34 వేలు ఉండగా, 2021 నాటికి 59 వేలు దాటినది.

మ్యూజియం ఉన్న తీరం గాడిగల్ అనే ఆదివాసీ తెగవారి నేల. 1788 జనవరిలో బ్రిటిష్ వారి మొదటి నౌకాదళం దిగినది ఈ రేవులోనే. అనగా ఆ దేశానికి వలసలు మొదలైన చోటనే ఈ మ్యూజియం నిలిచి ఉన్నది.

చరిత్ర

సిడ్నీలో జన్మించిన వైద్యుడు, చిత్రకారుడు జాన్ పవర్ (1881–1943) తన ఆస్తిని సిడ్నీ విశ్వవిద్యాలయానికి వ్రాసి ఇచ్చాడు. ఇతర దేశాలలోని నూతన కళారీతులు ఆస్ట్రేలియా ప్రజలకు పరిచయం కావాలన్నది ఆయన ఆశయం. ఆ ధనంతో సమకూడిన కళాఖండాలే మ్యూజియానికి పునాది అయినవి. మ్యూజియం భవనం 1952లో ఓడరేవుల కార్యాలయం కొరకు పూర్తిచేయబడినది. 2012లో దీనికి కొత్త విభాగం చేర్చబడినది.

ఆదివాసీ కళ

పూర్వపు మ్యూజియాలలో ఆదివాసుల చిత్రాలను పనిముట్లు, ఆయుధాల ప్రక్కన, గతించిన కాలపు వస్తువుల వలె ఉంచేవారు. సమకాలీన కళా మ్యూజియంలో ఆ దృష్టి మారినది. ఉత్తర ఆస్ట్రేలియాలోని రామింగినింగ్ గ్రామ కళాకారుల కృతులు 1984లోనే పవర్ సేకరణలో చేరినవి. 1993లో ఆర్నాట్స్ బిస్కట్ కంపెనీ చెట్టు బెరడుపై వేసిన చిత్రాలను పెద్ద సంఖ్యలో బహూకరించినది. వీటిని ఇతర చిత్రకారుల కృతులతో సమానంగా, వేసినవారి పేర్లతో ప్రదర్శించుట వలన, ఆ కళ నేటికీ సజీవమని చూపరులు గ్రహిస్తారు.

వలస వచ్చినవారి కళ

ఖాలెద్ సబ్‌సబీ లెబనాన్‌లోని ట్రిపోలీలో జన్మించి, బాల్యంలో కుటుంబంతో పశ్చిమ సిడ్నీకి వలస వచ్చిన కళాకారుడు. హిజ్బుల్లా నాయకుడు హసన్ నస్రల్లా దృశ్యాలను ఉపయోగించి ఆయన చేసిన 2007 నాటి వీడియో కృతి ఈ మ్యూజియం సేకరణలో ఉన్నది. ఈ కృతిపై 2025 ఫిబ్రవరిలో పార్లమెంటులో వివాదం రేగినది. దానితో వెనిస్ బినాలేకు ఆస్ట్రేలియా ప్రతినిధిగా జరిగిన ఆయన ఎంపిక రద్దు చేయబడి, జులైలో తిరిగి పునరుద్ధరించబడినది. బహుళ సంస్కృతుల నగరం అనగా పండుగలు, వంటకాలు మాత్రమే కాదు. ఆయా ప్రజలు తమతో తెచ్చుకున్న యుద్ధాల జ్ఞాపకాలు, అభిప్రాయ భేదాలు కూడా అందులో భాగమే. వాటిని చూసి, ఆలోచించి, ఏకీభవించకుండానే బయటకు రాగల చోటు నగరంలో ఒకటి ఉండుట అవసరం.

పశ్చిమ సిడ్నీలో కార్యక్రమాలు

వలస కుటుంబాలు అధికంగా నివసించేది రేవుకు దూరంగా ఉన్న పశ్చిమ శివారులలో. అందుచేత మ్యూజియం అక్కడి కళాకేంద్రాలు, వ్యాపార సంస్థలతో కలిసి సీ3వెస్ట్ అనే కార్యక్రమం చేపట్టినది. ఇందులో భాగంగా 2009లో యాష్ కీటింగ్ అనే కళాకారుడు పెన్రిత్ పట్టణంలో వ్యర్థ పదార్థాలతో 'యాక్టివేట్ 2750' అనే కృతి చేశాడు. పేరులోని అంకె ఆ ప్రాంతపు పిన్‌కోడు.

ప్రవేశ రుసుము

ప్రారంభ దశాబ్దంలో మ్యూజియం తీవ్రమైన ఆర్థిక ఇబ్బందులు ఎదుర్కొన్నది. 1999లో ఎలిజబెత్ ఆన్ మెక్‌గ్రెగర్ డైరెక్టరుగా వచ్చిన పిమ్మట, 2000లో టెల్‌స్ట్రా సంస్థ సాయంతో ప్రవేశం ఉచితం చేయబడినది. పడవ దిగిన ప్రయాణికులు, ఇంతకు మునుపు ఏ ప్రదర్శనశాలకూ వెళ్ళనివారు సైతం లోపలికి వచ్చి చూసే వీలు కలిగినది.

ఇది ప్రభుత్వ శాఖ కాదు, స్వతంత్ర సంస్థ. ఆదాయంలో అధిక భాగాన్ని తానే సంపాదించుకోవలసి ఉన్నది. ఖర్చులు పెరిగిన కారణంగా 2025 జనవరి చివర పెద్దలకు 20 డాలర్ల ప్రవేశ రుసుము విధించినది. 18 సంవత్సరాల లోపు వారికి మినహాయింపు కలదు. అయినను పిల్లలను వెంటబెట్టుకొని వచ్చే తల్లిదండ్రులిద్దరికీ రైలు ఖర్చు గాక 40 డాలర్లు అవుతుంది. అదే నగరంలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్ర కళాశాలలో సాధారణ ప్రవేశం ఉచితమే. గోడలపై అన్ని జాతుల కళకూ చోటు కల్పించిన మ్యూజియానికి, ఆ జాతుల ప్రజలందరినీ లోపలికి రప్పించుట మరింత కఠినమైన పని. దాని విలువ ఈ రెండింటి పైనా ఆధారపడి ఉన్నది.