బోర్డు మారిస్తే విండోస్ ఎందుకు అలుగుతుంది?

సూరత్‌లోని ఉధ్నాలో మరమగ్గాల చప్పుడు మధ్య పెరుగుతున్న తెలుగు పిల్లలూ, ఇది మీకోసమే. చీరల డిజైన్లు గీసే కంప్యూటర్‌ను విండోస్ 10 నుంచి 11కు మార్చినప్పుడు అది కీ అడగదు. మదర్‌బోర్డు మార్చామా, తెర మూలన ‘యాక్టివేట్ విండోస్’ అని వచ్చి కూర్చుంటుంది. ఎందుకలా?

రేషన్ దుకాణంలో కార్డు చూపిస్తే చాలదు, వేలిముద్ర కూడా కలవాలి కదా! 25 అక్షరాలూ అంకెలూ ఉండే కీ, ఆ కార్డులాంటిది. మొదటిసారి నెట్‌కు కలిపినప్పుడు విండోస్ తన కంప్యూటర్ భాగాల వివరాలతో ఒక గుర్తు తయారుచేసి మైక్రోసాఫ్ట్‌కు పంపుతుంది. అదే వేలిముద్ర. విండోస్ 11కు మారినా భాగాలు అవే కాబట్టి అది కలుస్తుంది, కీ అడగదు. ర్యామ్ పెంచితే మామూలుగా ఏమీ కాదు. బోర్డు మారితే మాత్రం ‘ఇదెవరో కొత్తవాళ్లు’ అంటుంది.

అందుకే బోర్డు మార్చకముందే విండోస్ వాడుకునే హక్కును, అంటే లైసెన్సును, మైక్రోసాఫ్ట్ ఖాతాకు ముడిపెట్టాలి. తర్వాత సెట్టింగ్స్‌లో యాక్టివేషన్ దగ్గర ట్రబుల్‌షూట్ నొక్కి, హార్డ్‌వేర్ మార్చామని చెప్పాలి. కంప్యూటర్‌తోపాటే వచ్చిన లైసెన్సయితే చాలాసార్లు పాత బోర్డుతోనే పోతుంది. అప్పుడు కొత్త లైసెన్సు కొనక తప్పదు.

లైసెన్సు లేకుండా విండోస్‌ను నడిపిస్తామంటూ ఎవరో ఊరికే ఇచ్చే ‘క్రాక్’ ప్రోగ్రామ్ జోలికి మాత్రం వెళ్లకండి. దాని వెంట వైరస్ వస్తే నాన్న డిజైన్లన్నీ పోవచ్చు.