బీరును తయారు చేసేది ఈస్ట్: పులిసే రెండు వారాల్లో కొత్తవారు గమనించవలసినవి

బీరు కాచే రోజు హడావుడిగా గడుస్తుంది. మాల్ట్‌ను వేడినీటిలో నానబెట్టడం, వడకట్టడం, హాప్స్ వేసి గంటసేపు మరిగించడం, చల్లార్చడం కలిసి ఐదారు గంటల పని. ఆ తర్వాత పాత్ర మూత బిగించి ఊరుకోవడమే. కొత్తగా ఈ పని చేపట్టినవారు శ్రద్ధనంతా ఆ ఐదారు గంటల మీదే పెట్టి, తర్వాతి రెండు వారాలను గాలికి వదిలేస్తుంటారు. కానీ బీరు రుచి చాలావరకు తేలిపోయేది ఆ రెండు వారాల్లోనే. మనిషి కాచేది వర్ట్ అనే తీపి ద్రవాన్ని మాత్రమే. దానిలోని చక్కెరను ఆల్కహాలుగా, కార్బన్ డయాక్సైడుగా మార్చే పని ఈస్ట్‌ది.

ఈ సంగతి మనుషులకు చాలా ఆలస్యంగా తెలిసింది. 1516లో బవేరియాలో వెలువడిన ప్రసిద్ధ బీరు శాసనం బార్లీ, హాప్స్, నీరు తప్ప మరేదీ వాడరాదన్నది. అందులో ఈస్ట్ ప్రస్తావనే లేదు. లూయీ పాశ్చర్ 1876లో బీరుపై తన గ్రంథాన్ని ప్రచురించారు. 1883లో కోపెన్‌హాగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ ఒకే కణం నుంచి శుద్ధమైన ఈస్ట్‌ను పెంచి చూపారు. నేడు దుకాణంలో దొరికే 11 గ్రాముల పొడి ఈస్ట్ ప్యాకెట్ వెనుక ఉన్నది ఆ పరిశోధనే.

తెలుగువారికి పులియడం కొత్త విషయం కాదు. ఉదయం దించినప్పుడు తియ్యగా ఉండే కల్లు సాయంత్రానికి పుల్లబడుతుంది. నీరా పులియకుండా ఉండాలంటే కుండకు లోపల సున్నం పూస్తారు. ఇడ్లీ పిండి వేసవిలో త్వరగా పొంగుతుంది, చలికాలంలో మొరాయిస్తుంది. ‘పులియడం’ అనే మాటలోనే పులుపు ఉంది. ఇడ్లీ పిండికి ఆ మాట సరిగ్గా సరిపోతుంది, ఎందుకంటే అక్కడ ప్రధానంగా పనిచేసేది పులుపును పుట్టించే బ్యాక్టీరియా. మామూలు బీరులో మాత్రం పులుపు దోషం. కల్లులో, పిండిలో ప్రకృతి తెచ్చిపెట్టే సూక్ష్మజీవులన్నీ కలిసి పనిచేస్తాయి; బీరులో తయారీదారు ఎంచుకున్న ఒక్క ఈస్ట్‌కే ప్రవేశం ఉండాలి.

అందుకే వర్ట్ చల్లారిన తర్వాత దానికి తగిలే ప్రతి వస్తువూ, అంటే పాత్ర, మూత, గొట్టం, గరిటె, థర్మామీటరు, క్రిమిరహితంగా ఉండాలి. శుభ్రంగా కడగడం వేరు, క్రిమిరహితం చేయడం వేరు. ముందు జిడ్డు, మరకలు పోయేలా కడిగి, ఆ తర్వాతే అయోడిన్ లేదా ఫాస్ఫారిక్ ఆమ్లం ఆధారిత ద్రావణంతో తడపాలి. మురికి మీద పోసిన ద్రావణం వల్ల ప్రయోజనం ఉండదు.

ఇక ఉష్ణోగ్రత. కొత్తవారి బీరు చెడడానికి సూక్ష్మజీవుల కంటే వేడే ఎక్కువసార్లు కారణమవుతుందని చెప్పినా అతిశయోక్తి కాదు. ఏల్ రకాల ఈస్ట్‌కు సాధారణంగా 18 నుంచి 22 డిగ్రీల సెల్సియస్ అనుకూలం. లాగర్‌కు 9 నుంచి 13 డిగ్రీల చల్లదనం కావాలి. ప్రత్యేకంగా ఫ్రిజ్ లేనివారు మొదట ఏల్‌తో ప్రారంభించడం మేలు. చాలామంది పొరబడేది గది ఉష్ణోగ్రత చూసుకుని నిశ్చింతగా ఉండడంలో. చక్కెరను తినే ఈస్ట్ వేడిని పుట్టిస్తుంది. 19 లీటర్ల పాత్ర ఉన్న గది 21 డిగ్రీల్లో ఉంటే, పులియడం ముమ్మరంగా ఉన్నప్పుడు లోపల 24, 25 డిగ్రీలు ఉండవచ్చు. కాబట్టి కొలవవలసింది పాత్రనే. దాని పక్కకు అతికించే థర్మామీటరు పట్టీ చాలు.

వేడి మితిమీరితే ఘాటైన ఆల్కహాళ్లు తయారై, బీరు పెయింటు పలుచన చేసే ద్రావకంలా వాసన వేస్తుంది. కొన్ని ఎస్టర్లు పెరిగి అరటిపండు వాసన వస్తుంది. జర్మన్ గోధుమ బీరుకు అది అందమే గానీ మిగతావాటికి కాదు. ఈ పదార్థాలు ఎక్కువగా పుట్టేది మొదటి మూడు రోజుల్లో. అందువల్ల వర్ట్‌ను 20 డిగ్రీల లోపుకు చల్లార్చిన తర్వాతే ఈస్ట్ వేయాలి, ఆ మూడు రోజులూ చల్లగా ఉంచాలి. ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. వెడల్పాటి తొట్టిలో నీళ్లు పోసి, అందులో పాత్రను నిలిపి, తడిగుడ్డ చుట్టి, ఫ్యాను గాలి తగిలేలా పెడితే కొన్ని డిగ్రీలు తగ్గుతుంది. వేసవిలో మంచినీళ్ల కుండకు తడిగుడ్డ చుట్టే సూత్రమే ఇది. అవసరమైతే గడ్డకట్టిన నీళ్ల సీసాలను తొట్టిలో వేసి మారుస్తుండవచ్చు.

ఈస్ట్ వేసిన వెంటనే ఏమీ కనిపించకపోతే కంగారు పడనక్కర్లేదు. సాధారణంగా 12 నుంచి 24 గంటల్లో నురుగు లేస్తుంది. ఒక్కోసారి రెండు మూడు రోజులు పడుతుంది. నురుగు ఉప్పొంగి మూతకున్న ఎయిర్‌లాక్ మూసుకుపోతే మాత్రం ఉపేక్షించకూడదు. గ్యాసు బయటకు పోయే దారి లేక మూత ఎగిరిపడవచ్చు. దాని స్థానంలో లావాటి గొట్టం అమర్చి, రెండో కొనను క్రిమిరహిత ద్రావణం ఉన్న గిన్నెలో ముంచాలి.

బుడగలు ఆగినంత మాత్రాన పని పూర్తయినట్టు కాదు. మూత వదులుగా ఉన్నా బుడగలు రావు. పులియడం ముగిసినా వేడికి కరిగి ఉన్న గ్యాసు బయటపడి బుడగలు వస్తూనే ఉంటాయి. నమ్మదగినది హైడ్రోమీటరు ఒక్కటే. పాలలో నీళ్లు కలిశాయో లేదో చూసే లాక్టోమీటరు దీని బంధువే. ఈస్ట్ వేసే ముందు 1.050 చూపిన వర్ట్, చక్కెర ఖర్చయ్యే కొద్దీ సుమారు 1.012కు దిగుతుంది. ఆ తేడాను 131.25తో గుణిస్తే ఆల్కహాలు శాతం దాదాపు 5 అని తెలుస్తుంది. రెండు మూడు రోజుల తేడాతో తీసిన కొలతలు ఒకేలా ఉండి, ఆ అంకె ఆశించిన చోటే నిలిస్తే పులియడం ముగిసినట్టు. ఆ తర్వాత కూడా కొన్ని రోజులు ఓపిక పట్టడం మంచిది. వెన్న వాసన తెచ్చే డైఅసిటైల్‌ను, పచ్చి ఆపిల్ వాసన తెచ్చే ఎసిటాల్డిహైడ్‌ను ఈస్ట్ చివర్లో తానే తిరిగి గ్రహించి శుభ్రం చేస్తుంది. తొందరపడి బీరును తోడేస్తే ఆ అవకాశం పోతుంది.

తొందరపాటుకు ఇంకా పెద్ద మూల్యం సీసాల దగ్గర చెల్లించవలసి వస్తుంది. నురగ కోసం సీసాలో నింపే ముందు లీటరుకు సుమారు 6 గ్రాముల చొప్పున గ్లూకోజ్ కలుపుతారు. బీరు 1.012కు దిగాల్సి ఉండగా 1.020 దగ్గరే సీసాలకెక్కిస్తే, మిగిలిన చక్కెర కూడా మూసిన సీసాలోనే పులుస్తుంది. గ్యాసు అనుకున్నదానికి రెండింతలు దాటుతుంది. గాజు పగిలితే ముక్కలు ముఖానికి, చేతులకు తగిలి తీవ్ర గాయాలవుతాయి. బీరు కోసం చేసిన మందపాటి సీసాలనే వాడాలి, వాటిని మూత ఉన్న పెట్టెలో ఉంచాలి. ఒక సీసా తెరవగానే నురగ ఎగజిమ్మితే, మిగతావాటిని కళ్లద్దాలు, మందమైన చేతి తొడుగులు ధరించి జాగ్రత్తగా ఫ్రిజ్‌కు చేర్చి, చల్లబడ్డాక మూతలు వదులు చేసి గ్యాసు తీసేయాలి.

కల్తీసారా మరణాల వార్తలు చదివినవారికి మిథనాల్ భయం కలగడం సహజం. బార్లీ మాల్ట్ బీరు పులిసేటప్పుడు మిథనాల్ ప్రమాదకర మోతాదులో తయారు కాదు. కల్తీసారా విషాదాల్లో ప్రాణాలు తీసేది ప్రధానంగా సారాలో కలిపే పారిశ్రామిక మిథనాల్. బట్టీ పెట్టి సారా కాచడం పూర్తిగా వేరే వ్యవహారం; ఇంట్లో బీరుకు అనుమతి ఉన్న అమెరికాలోనూ అనుమతి లేకుండా అది నేరమే.

బీరు విషయంలోనూ చట్టం అన్నిచోట్లా ఒకటి కాదు. బ్రిటన్ 1963లో ఇంటి బీరుకు లైసెన్సు నిబంధన తొలగించింది. అమెరికాలో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ 1978 అక్టోబరులో సంతకం చేసిన చట్టం, ఒక వయోజనుడికి ఏడాదికి 100 గ్యాలన్ల వరకు, అంటే సుమారు 378 లీటర్లకు, పన్ను మినహాయింపు ఇచ్చింది. అయినా అలబామా, మిసిసిపీ రాష్ట్రాలు 2013 వరకు అంగీకరించలేదు. భారతదేశంలో మద్యం రాష్ట్రాల పరిధిలోని అంశం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో లైసెన్సు లేకుండా మద్యం తయారు చేయడం ఎక్సైజ్ చట్టం కింద నేరం. గుజరాత్, బిహార్‌లలో మద్యనిషేధమే అమలులో ఉంది.

అనుమతి ఉన్న దేశాల్లో ఉన్నవారికి మిగిలిన పని కొద్దిదే. నింపిన సీసాలను వెలుతురు సోకని చోట, గది ఉష్ణోగ్రతలో రెండు వారాలు నిలువుగా ఉంచాలి. తర్వాత ఒకదాన్ని చల్లబరచి, అడుగున పేరుకున్న ఈస్ట్ కదలకుండా నెమ్మదిగా గ్లాసులోకి వంచుకోవాలి.