పెరడే ఆయన ప్రయోగశాల

ప్రతి సంవత్సరం జూన్‌లో, తొమ్మిదో తరగతి పిల్లలకు మొదటి పాఠం చెప్పే రోజున నేనొక ప్రశ్న వేస్తాను: “శాస్త్రజ్ఞుడు కావాలంటే ఏమేం కావాలి?” జవాబులు ఏటా ఇంచుమించు అవే. “మైక్రోస్కోపు సార్!” “ప్రయోగశాల సార్!” “బోలెడు డబ్బు సార్!” ఒక ఏడు వెనక బెంచీ నుంచి ఒక కుర్రవాడు లేచి, “అయితే మాకు కుదరదు సార్. మా ఇంట్లో రెండు గేదెలు, ఒక కుక్క, వెనకాల పెరడు తప్ప ఇంకేమీ లేవు” అన్నాడు. క్లాసంతా గొల్లుమంది. వాడు మాత్రం నవ్వలేదు. ఆ రోజు పాఠం పక్కనబెట్టి వాళ్ళకు చెప్పిన సంగతినే ఇప్పుడు మీకూ చెబుతాను.

ఇంగ్లండు దేశపు దక్షిణ భాగంలో, హాంప్‌షైర్ ప్రాంతంలో, సెల్బోర్న్ అనే పల్లెటూరు ఉంది. అక్కడ 1720లో గిల్బర్ట్ వైట్ పుట్టాడు. ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకున్నాడు. తర్వాత చర్చిలో పాదిరిగా పనిచేస్తూ, జీవితంలో ఎక్కువ భాగం ఆ ఊళ్ళోని తన ఇంట్లోనే గడిపాడు. పెళ్ళి చేసుకోలేదు. ఇంటి వెనక పెద్ద తోట, అందులో కూరగాయలు, పండ్లచెట్లు, పూలమొక్కలు. ఆ వెనక చెట్లతో నిండిన ఏటవాలు కొండ. ఇంతే ఆయన ప్రపంచం.

అయినా 1789లో వెలువడిన ఆయన పుస్తకం, ‘సెల్బోర్న్ ప్రకృతి చరిత్ర’, రెండు శతాబ్దాలు దాటినా ఇప్పటికీ అచ్చవుతూనే ఉంది. ఒక పల్లెటూరి పెద్దమనిషి తన పెరటి గురించి రాసినదాన్ని ప్రపంచం ఇంతకాలం ఎందుకు చదువుతున్నది?

తేదీ వేసి రాయడం

వైట్ 1751లో తోట పనుల కోసం ఒక దినచర్య పుస్తకం మొదలుపెట్టాడు. ఏ రోజు ఏ విత్తనం వేసిందీ, ఎప్పుడు మొలిచిందీ, ఎన్ని బండ్ల ఎరువు తోలించిందీ అందులో రాసేవాడు. ఆ చలిదేశంలో దోస, ఖర్బూజా పండించడానికి ఆయన గుర్రపు లద్దె పోగుచేసి, దానిమీద మట్టి పరచి గింజలు నాటేవాడు. చలికాలం తెల్లవారుజామున మన పెంటపోగుల మీద ఆవిరి లేవడం మీరు చూచే ఉంటారు. కుళ్ళుతున్న ఎరువులో కంటికి కనబడని సూక్ష్మజీవులు పనిచేస్తుంటే వేడి పుడుతుంది. ఆ వేడితోనే ఆయన మొక్కలను పెంచాడు.

1768 నుంచి ఆ రాత ఇంకా పెరిగింది. ఉష్ణోగ్రత, గాలి, వాన, ఏ చెట్టు చిగిర్చింది, ఏ పిట్ట వచ్చింది, ఏ పురుగు కనిపించింది అన్నీ తేదీల వారీగా ఎక్కించాడు. 1793 జూన్‌లో మరణించడానికి కొద్ది రోజుల ముందు వరకు, అంటే 25 సంవత్సరాలపాటు, ఆ పని మానలేదు.

గడియారం, త్రాసు, చెవి

ఆయన పనిముట్లు ఏమిటనుకున్నారు? ప్రధానమైనవి ఒక గడియారం, ఒక త్రాసు, ఒక ఉష్ణమాపకం, ఒక జత చెవులు.

చర్చి చూరులో తెల్ల గుడ్లగూబలు గూడు కట్టుకున్నాయి. వైట్ గడియారం చేతబట్టి గంటసేపు వాటిని గమనించాడు. జంటలో ఏదో ఒకటి సుమారు ఐదు నిమిషాలకొకసారి గూటికి తిరిగివస్తోందని తేలింది. తెచ్చేది ఎలుకలను. పెంకుల కిందికి ఎక్కడానికి కాళ్ళు ఖాళీగా ఉండాలి కదా! అందుకని అవి ముందు కప్పు మీద వాలి, కాలి గోళ్ళలోని ఎలుకను ముక్కుకు మార్చుకొని, ఆ తరువాత లోపలికి పోయేవట. ఐదు నిమిషాలకొకసారి అంటే గంటకు ఎన్ని రాకలో మీరే లెక్క కట్టండి. గుడ్లగూబ ఇంటిమీద వాలితే అరిష్టమని మనలో ఇంకా కొందరు రాళ్ళు విసురుతుంటారు. రాయి తీసేముందు ఈ లెక్క గుర్తుచేసుకోండి.

కోత చేలల్లో ఉండే అతి చిన్న ఎలుక జాతి ఒకదాన్ని లోకానికి స్పష్టంగా వర్ణించి చెప్పినవాడూ ఆయనే. ఎంత చిన్నది? రెండెలుకలను త్రాసులో వేస్తే ఒక రాగి అర్ధపెన్నీ నాణెంతో సరితూగాయి. ఈనాటి కొలతలో ఒక్కొక్కటి 5 గ్రాములకు మించదు.

ఇక చెవుల సంగతి. ఆకుల్లో తిరిగే పసుపుపచ్చని చిన్న పిట్టలు అక్కడ ఉన్నాయి. రూపంలో అన్నీ ఒక్కటే అనిపిస్తాయి. వైట్ వాటి కూతలు విని, అవి ఒకటి కాదు, మూడు వేర్వేరు జాతులని తేల్చాడు. తరువాత పరీక్షించి చూస్తే రంగులో, పరిమాణంలో తేడాలు నిజంగానే ఉన్నాయి.

చూరు కింద మట్టిగూడు కట్టే మార్టిన్ పిట్టలను చూచి ఆయన ఇంకొకటి కనిపెట్టాడు. ఆ పిట్ట పొద్దుటిపూట మాత్రమే గూడు పని చేస్తుంది. రోజుకు అర అంగుళం మందాన మాత్రమే మట్టి పెడుతుంది. మిగిలిన పూటంతా ఆరనిస్తుంది. తొందరపడి ఒక్కసారే పెడితే పచ్చిమట్టి తన బరువుకు తానే జారిపోతుంది. మట్టిగోడ పెట్టేవాళ్ళు ఒక వరస ఆరాకనే రెండో వరస ఎత్తడం చూశారా? వైట్ కూడా సరిగ్గా ఈ పోలికే చెప్పాడు.

పిల్లి పెంచిన కుందేలు

పెంపుడు జంతువుల విషయంలోనూ ఆయన దృష్టి అట్లాంటిదే. ఒక స్నేహితుని ఇంటికి ఎవరో ఒక పసి అడవి కుందేలును తెచ్చారు. నౌకర్లు దానికి చెంచాతో పాలు పట్టేవారు. ఆ రోజుల్లోనే ఆ ఇంటి పిల్లి ఈనింది. ఇంటివాళ్ళు పిల్లలను ఉంచలేదు. కొద్దిరోజులకు కుందేలు పిల్ల కనబడకుండా పోయింది. ఏ కుక్కో పిల్లో తినేసిందనుకున్నారు. రెండు వారాల తరువాత ఒక సాయంత్రం యజమాని తోటలో కూర్చుని ఉండగా, పిల్లి తోక నిలబెట్టుకొని, తన పిల్లలను పిలిచినట్టు మెల్లగా కూస్తూ వచ్చింది. దాని వెనకాల గెంతుతూ కుందేలు పిల్ల! పిల్లి దానికి పాలిచ్చి పెంచుతోంది.

కుందేళ్ళను తినే జంతువు కుందేలునెందుకు పెంచింది? వైట్ దాన్ని అద్భుతమని వదిలేయలేదు. పిల్లలను పోగొట్టుకున్న తల్లి, పొదుగు నిండా పాలు. ఆ పాల సలుపు తీరడంతో హాయి కలిగి, ఆ హాయినిచ్చిన పసిదాని మీద మమకారం ఏర్పడి ఉంటుందని ఆలోచించాడు.

తాబేలు తిమోతి

ఆయన కథల్లో అందరికంటే పేరుపొందినది ఒక తాబేలు. అది మొదట ససెక్స్‌లో ఉన్న ఆయన మేనత్త పెరట్లో ఉండేది. 1771 నవంబరు 1న అది శీతకాలపు నిద్ర కోసం గొయ్యి తవ్వడం మొదలుపెట్టగా వైట్ చూశాడు. ముందుకాళ్ళతో మట్టి గీకుతుంది, వెనకకాళ్ళతో వెనక్కి నెడుతుంది. దాని కాళ్ళ కదలిక గడియారంలో గంటల ముల్లు కంటే కొంచెం ఎక్కువ వేగమట!

1780లో మేనత్త చనిపోయింది. మార్చి నెలలో వైట్ ఆ నిద్రపోతున్న తాబేలును మట్టిలోంచి తీయించి, మట్టి నింపిన పెట్టెలో పెట్టి, గుర్రపు బండ్లలో 80 మైళ్ళు ప్రయాణం చేయించి సెల్బోర్న్‌కు తెచ్చాడు. బండి కుదుపులకు దానికి పూర్తిగా మెలకువ వచ్చింది. తోటలో వదలగానే రెండుసార్లు అటు చివరి దాకా నడిచి, సాయంత్రం చలి పెరగగానే మళ్ళీ మట్టిలో దూరింది.

ఆ తరువాత 13 సంవత్సరాలు వైట్ దాన్ని గమనించాడు. తూకం వేస్తే సుమారు 3 కిలోలు. బండి చక్రం ఎక్కినా చెక్కుచెదరని డిప్ప ఉన్నప్పటికీ నాలుగు వానచినుకులకే భయపడి ఆకుల చాటుకు పరుగెత్తేది. నీళ్ళతొట్టెలో వేసి చూస్తే ఈదలేదు, మునిగి అడుగున నడిచింది. చాలాకాలం తిండి పెట్టిన ముసలమ్మను చూస్తే మాత్రం కుంటుకుంటూ ఎదురుపోయేదట.

అందరూ దానికి తిమోతి అని మగపేరు పెట్టి పిలిచారు. వైట్ పోయిన మరుసటి ఏడు, 1794లో, అదీ చనిపోయింది. డిప్పను భద్రపరిచారు. ఇప్పుడది లండన్‌లోని ప్రకృతి చరిత్ర ప్రదర్శనశాలలో ఉంది. తరువాతివారు ఆ డిప్పను పరీక్షించి చూస్తే ఏం తేలింది? తిమోతి ఆడతాబేలు! నేలతాబేళ్ళలో మగదాని అడుగు డిప్ప సాధారణంగా లోపలికి వంగి ఉంటుంది, ఆడదానిది చదునుగా ఉంటుంది. అంత నిశితంగా చూచే మనిషికే, పేరు చూచి అనుకున్నది ఒకటి, నిజం మరొకటి అయింది.

(ఈ కథ చదివి మీరు నక్షత్ర తాబేలును ఇంటికి తేవద్దు. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. పొలంగట్టున కనబడితే చూడండి, రాసుకోండి, వదిలేయండి.)

తీరని ప్రశ్న

వైట్‌ను జీవితమంతా వేధించిన ప్రశ్న ఒకటుంది: స్వాలో, మార్టిన్ పిట్టలు చలికాలంలో ఎక్కడికి పోతాయి?

ఆ రోజుల్లో కొందరు అవి దూరదేశాలకు వలసపోతాయనేవారు. మరికొందరు ఎక్కడో తొర్రల్లోనో, చెరువుల అడుగునో నిద్రపోతాయనేవారు. వైట్ సోదరుడు ఒకరు స్పెయిన్ దక్షిణపు కొనన ఉన్న జిబ్రాల్టర్‌లో పాదిరిగా ఉండేవాడు. వసంతంలోనూ, శరత్తులోనూ పిట్టలు గుంపులుగా సముద్రం దాటుతున్నాయని ఆయన ఉత్తరాలు రాశాడు. వైట్ దాన్ని నమ్మాడు. కాని తన ఊళ్ళో, పిట్టలన్నీ పోయాయనుకున్న తరువాత నవంబరులో ఏదో ఒక వెచ్చని రోజున నాలుగు పిట్టలు మళ్ళీ కనిపించేవి. ఇవి ఎక్కడినుంచి వచ్చాయి? తిమోతి తన తోటలోనే నెలల తరబడి మట్టికింద నిద్రపోతోంది కదా! పిట్టల్లోనూ కొన్ని అట్లా దాగి ఉంటాయేమో!

ఆయన ఊరికే వాదించి ఊరుకోలేదు. కూలివాళ్ళను పెట్టి కొండవాలులో పొదలూ బొరియలూ వెదికించాడు. ఒక్క పిట్టా దొరకలేదు. దొరకలేదు అనే రాసుకున్నాడు. దొరికిందని ఊహించి రాయలేదు. అట్లాగని ప్రశ్ననూ వదలలేదు. జవాబు తెలియకుండానే కన్నుమూశాడు.

జవాబు ఎప్పుడు దొరికింది? 1911 మే నెలలో ఇంగ్లండులోని స్టాఫర్డ్‌షైర్‌లో ఒకాయన తన ఇంటిదగ్గరి స్వాలో పిట్ట కాలికి నంబరు వేసిన చిన్న లోహపు కడియం తొడిగి వదిలాడు. 1912 డిసెంబరులో ఆ కడియంతోనే ఆ పిట్ట దక్షిణ ఆఫ్రికాలోని నటాల్‌లో దొరికింది! వైట్ మరణించిన 119 సంవత్సరాలకు ఆయన ప్రశ్న తీరింది. పిట్టలు నిద్రపోవడం లేదు, ఖండం దాటిపోతున్నాయి. తీర్చినది కూడా పెద్ద యంత్రమేమీ కాదు, ఒక కడియం.

తేదీ వేసి రాసిన మాట విలువ తెలియజేసే సంగతి ఇంకొకటి. 1783లో జూన్ 23 నుంచి జూలై 20 వరకు ఊరంతా వింత పొగమంచు కమ్మిందనీ, ఉదయాస్తమయాల్లో సూర్యుడు నెత్తురు రంగులో ఉన్నాడనీ వైట్ రాశాడు. ఊరివాళ్ళు హడలిపోయారు. ఐస్‌లాండ్‌లో ఆ జూన్ 8న లాకీ అగ్నిపర్వతం బద్దలై, ఆ విషవాయువులు గాలిలో ఐరోపా మీదికి కొట్టుకువచ్చాయని ఇప్పుడు మనకు తెలుసు. ఆ రోజున కారణం తెలియకపోయినా, కంటికి కనిపించినదాన్ని తేదీతో రాసి ఉంచాడు. కారణం తరువాతివాళ్ళు వెతుక్కున్నారు.

వానపాముల విషయమూ అంతే. చూడ్డానికి అల్పమైన ఈ జీవి లేకపోతే నేల గట్టిపడి చవిటిదైపోతుందని 1777లోనే ఆయన ఒక ఉత్తరంలో హెచ్చరించాడు. వానపాముల మీద చార్లెస్ డార్విన్ పుస్తకం వచ్చింది 1881లో!

మీ వంతు

ఇది విన్నాక నా క్లాసులోని ఆ కుర్రవాడు, “అయితే సార్, మా గేదెను కూడా రాయొచ్చా?” అని అడిగాడు. తప్పకుండా రాయవచ్చు. దాని వీపున వాలే కొంగ ఏం తింటోంది? రోజుకు ఎన్నిసార్లు వస్తోంది? అది వచ్చినప్పుడు గేదె తోక విసురుతుందా, ఊరుకుంటుందా?

మీరూ ఒక నోటుపుస్తకం తీయండి. ప్రతి పేజీని నాలుగు గళ్ళు చేయండి: తేదీ, వేళ, ఎండావానా, చూచినది. పక్కన సన్నని అయిదో గడి వదిలి ‘నేను అనుకుంటున్నది’ అని పేరు పెట్టండి. చూచినదాన్నీ, అనుకున్నదాన్నీ ఎన్నడూ ఒకే గడిలో రాయకండి. శాస్త్రమంతా ఈ రెండు గళ్ళ మధ్య గీతలోనే ఉంది.

చలికాలంలో మన ఊళ్ళ కరెంటు తీగల మీద, చీలిన తోకతో, బారులుగా కూర్చునే చిన్న నల్లపిట్టలను మీరు చూస్తూనే ఉంటారు. వాటిలో ఉత్తరాదినుంచి వచ్చే స్వాలోలు కూడా ఉంటాయి. వైట్ వెతికిన పిట్ట జాతే అది! ఈసారి మీ వీధిలో మొదటి పిట్ట ఏ రోజున వాలిందో చూడండి. ఆ తేదీతోనే మీ పుస్తకం మొదలుపెట్టండి.