రాకడ గడియ ఎవరికీ తెలియదు, కయ్యలో పని ఎవరూ మానరాదు

తిరుపతి: క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాలను అనేక క్రైస్తవ సంఘాలు ఆగమన కాలంగా పాటిస్తాయి. పశువుల తొట్టిలో పుట్టిన యేసును తలచుకోవడం ఈ కాలంలో ఒక భాగం. ఆయన మళ్లీ వస్తాడు, లోకానికి తీర్పు తీరుస్తాడు అన్న నమ్మకాన్ని గుర్తు చేసుకోవడం మరో భాగం. ఇదిగాక ఏడాది పొడుగునా పల్లెల్లో జరిగే సువార్త కూటాల్లోనూ అంత్యదినాల ప్రసంగాలు వినబడుతూనే ఉంటాయి. యుద్ధాలు, కరువులు, భూకంపాలు, తెగుళ్లు వచ్చినప్పుడల్లా 'ఇవే సూచనలు' అనే మాట మైకుల్లో మోగుతుంది.

ఈ మాట విని ఊరట చెందేవారు ఉన్నారు. రాత్రి నిద్ర పట్టక భయపడేవారూ ఉన్నారు. ఇంకా ఎందుకు సేద్యం, ఎందుకు పిల్లల చదువు అని చేతులు ముడుచుకునే ప్రమాదమూ ఉంది. ఇంతకీ ఈ బోధ ఏమి చెబుతున్నది? దాన్ని నమ్మినవారు ఎలా బతకాలి? తెలుసుకోవలసిన సంగతులు చాలా ఉన్నాయి.

మనకు కొత్త కాదు

లోకాంతం మాట రాయలసీమ పల్లెలకు కొత్త కాదు. కడప జిల్లా కందిమల్లయపల్లెలో జీవసమాధి అయిన పోతులూరి వీరబ్రహ్మం గారి కాలజ్ఞానం తెలియని ఊరు మన వైపు లేదు. ఏ వింత జరిగినా 'బ్రహ్మంగారు ముందే చెప్పారు' అనడం మనవారికి అలవాటు.

1962 ఫిబ్రవరిలో ఎనిమిది గ్రహాలు మకర రాశిలో కలిసినప్పుడు ప్రళయం వస్తుందని దేశమంతా హడలిపోయింది. ఊరూరా యజ్ఞాలు, భజనలు జరిగాయి. అష్టగ్రహ కూటమి దాటిపోయింది. 1979 జూలైలో అమెరికా వారి స్కైలాబ్ ఆకాశం నుంచి కూలుతుందన్నప్పుడు తెలుగు పల్లెల్లో ఇదే భయం. ఎలాగూ చస్తాము కదా అని కోళ్లు, మేకలు కోసుకు తిన్నవారు ఉన్నారు. జూలై 11న ఆ యంత్రం శకలాలు హిందూ మహాసముద్రంలోనూ, పశ్చిమ ఆస్ట్రేలియాలోనూ పడ్డాయి. ఒక్క మనిషికీ గాయం కాలేదు. ఇక్కడ మేకలు పోగొట్టుకున్నవారికి మేకలు తిరిగి రాలేదు.

కాబట్టి ఇది ఒక మతం వారికి మాత్రమే ఉన్న భయం కాదు. క్రైస్తవ గ్రంథంలో ఈ విషయం మీద ఏముందో తెలిస్తే భయం కొంత తగ్గుతుంది.

గ్రంథం చెప్పేది ఏమిటి?

అంత్యదినాల గురించి బైబిల్‌లో ముఖ్యంగా మూడు చోట్ల ఉంది. పాత నిబంధనలో దానియేలు గ్రంథం ఒకటి. ఒలీవల కొండ మీద యేసు శిష్యులకు చెప్పిన మాటలు మరొకటి. ఇవి మత్తయి సువార్త 24, 25 అధ్యాయాల్లో ఉన్నాయి. చివరిది ప్రకటన గ్రంథం. పత్మాసు అనే ద్వీపంలో యోహానుకు కలిగిన దర్శనాలు ఇందులో 22 అధ్యాయాలుగా ఉన్నాయి. రోమా చక్రవర్తుల ఏలుబడిలో ఆసియా మైనరులోని, అంటే ఇప్పటి టర్కీలోని, ఏడు సంఘాలకు ధైర్యం చెప్పడానికి దాన్ని రాశారు. భయపెట్టడానికి కాదు.

వివరాల దగ్గర సంఘాల మధ్య తేడాలు ఉన్నాయి. క్రీస్తు వచ్చి భూమి మీద వెయ్యేండ్లు పరిపాలిస్తాడని కొందరు అంటారు. ఆ వెయ్యేండ్లు అలంకారంగా చెప్పిన సంఖ్య అని మరికొందరు అంటారు. విశ్వాసులు ముందుగా ఆకాశానికి ఎత్తబడతారని, ఆ తరువాత శ్రమల కాలం వస్తుందని చెప్పే బోధ బ్రదరన్, పెంతెకొస్తు కూటాల్లో ఎక్కువగా వినబడుతుంది. ఇది 19వ శతాబ్దంలో జాన్ నెల్సన్ డార్బీ అనే బోధకుని వల్ల బాగా ప్రచారంలోకి వచ్చింది. తిరుపతి కేంద్రంగా ఉన్న దక్షిణ ఆంధ్ర లూథరన్ సంఘం వంటి లూథరన్ సంఘాలు 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటనను అంగీకరిస్తాయి. దాని 17వ ప్రకరణం క్రీస్తు తీర్పు తీర్చడానికి వస్తాడని చెబుతుంది. పునరుత్థానానికి ముందే భక్తులు భూమిని ఏలుతారన్న వాదాన్ని ఒప్పుకోదు.

ఎన్ని తేడాలున్నా ఒక్క విషయంలో వాదనకు చోటు లేదు. ఆ దినమూ, ఆ గడియా తండ్రికి తప్ప ఎవరికీ తెలియవని యేసే చెప్పినట్టు మత్తయి 24వ అధ్యాయంలో ఉంది. దేవదూతలకు కూడా తెలియదని అక్కడే ఉంది. కాలాలు లెక్క కట్టడం మీ పని కాదని శిష్యులతో అన్నట్టు అపొస్తలుల కార్యములు మొదటి అధ్యాయం చెబుతుంది. అందుచేత తేదీ చెప్పే బోధకుడు ఎవరైనా, తాను చేత పట్టుకున్న గ్రంథానికే ఎదురు చెబుతున్నాడన్నమాట.

666 అనే సంఖ్య మీద పుకార్లకూ ఇదే సమాధానం. ప్రకటన 13వ అధ్యాయంలో వచ్చే ఈ సంఖ్య నీరో చక్రవర్తి పేరులోని హీబ్రూ అక్షరాల విలువను కూడితే వస్తుందని చాలామంది పండితుల అభిప్రాయం. అయినా కాలం మారినప్పుడల్లా ఆ గుర్తును కొత్త వస్తువుకు అంటగడుతున్నారు. ఒకప్పుడు బార్ కోడ్ అన్నారు. తరువాత గుర్తింపు కార్డు అన్నారు. కరోనా వచ్చాక టీకా అన్నారు. ఇలాంటి మాటలు విని సూది వేయించుకోనివారు అనేక దేశాల్లో ఉన్నారు.

తేదీలు చెప్పినవారి కథ

అమెరికాలో విలియం మిల్లర్ అనే ఆయన మనలాంటి సేద్యగాడు. దానియేలు గ్రంథంలోని దినాలను ఏండ్లుగా లెక్కకట్టి 1843, 1844 మధ్య క్రీస్తు వస్తాడని చెప్పాడు. చివరకు ఆయన అనుచరులు 1844 అక్టోబరు 22ను ఖాయం చేసుకున్నారు. కొందరు రైతులు పంట కోయలేదు. బంగాళాదుంపలు భూమిలోనే వదిలేశారు. ఆ రాత్రి ఎదురుచూస్తూ కూర్చున్నవారికి ఎప్పటిలాగే తెల్లవారింది. చరిత్రలో దానికి 'మహా నిరాశ' అని పేరు పడింది.

దక్షిణ కొరియాలో లీ జాంగ్ రిమ్ అనే బోధకుడు 1992 అక్టోబరు 28న విశ్వాసులు ఎత్తబడతారని ప్రకటించాడు. జనం ఉద్యోగాలు మానుకున్నారు, ఇండ్లు అమ్ముకున్నారు. తేదీకి నెల రోజుల ముందు పోలీసులు ఆయనను మోసం కేసులో పట్టుకున్నారు. ఆయన దగ్గర 1993లో గాని చెల్లని బాండ్లు బయటపడ్డాయి. మందకు అక్టోబరులోనే లోకాంతమని చెప్పిన కాపరి, తన సొమ్ముకు మాత్రం మరుసటి ఏడాది వడ్డీ చూసుకున్నాడు. కోర్టు ఆయనకు జైలు శిక్ష వేసింది.

అమెరికాలో రేడియో ప్రసంగాలు చేసే హెరాల్డ్ క్యాంపింగ్ 2011 మే 21 అన్నాడు. అది దాటిపోయాక అక్టోబరు 21 అన్నాడు. కొందరు శ్రోతలు కూడబెట్టిన డబ్బంతా ప్రచార బోర్డులకు పెట్టారు. 2012లో ఆయన తేదీ చెప్పడం తప్పేననీ, పాపమేననీ బహిరంగంగా ఒప్పుకున్నాడు. మరుసటి ఏడాది చనిపోయాడు.

అన్నిటికన్నా ఘోరం కెన్యాలో జరిగింది. ఉపవాసంతో ప్రాణం విడిస్తే యేసును చేరతారన్న బోధను నమ్మినవారి శవాలు 2023లో షకహోలా అడవిలో బయటపడ్డాయి. గుంటలు తవ్వేకొద్దీ లెక్క 400 దాటింది. అందులో పసిపిల్లలు ఎందరో. బోధకునిపై హత్యానేరం మోపారు. తాను నిర్దోషినని ఆయన కోర్టులో చెప్పుకున్నాడు.

రాయలచెరువు నేర్పిన పాఠం

మరి సూచనలు ఎందుకు చెప్పారు, మెలకువగా ఉండమని ఎందుకు అన్నారు అనే ప్రశ్న రావచ్చు. దీనికి మన కళ్ల ముందు జరిగిన ఉదాహరణ ఉంది.

2021 నవంబరులో తిరుపతి పరిసరాల్లో కుండపోత వానలు పడ్డాయి. రామచంద్రాపురం మండలంలోని రాయలచెరువు కట్టకు లీకు పడింది. కట్ట తెగితే దిగువ పల్లెలు మునుగుతాయని అధికారులు జనాన్ని ఖాళీ చేయించారు. ఫలానా గంటకు తెగుతుందని ఎవరూ చెప్పలేదు. చెప్పడం సాధ్యమూ కాదు. పిల్లలను, ముసలివారిని, పశువులను మెరకకు చేర్చండి అన్నారు. మరోపక్క ఇసుక మూటలు వేసి కట్టను గట్టి చేశారు. కట్ట నిలిచింది.

హెచ్చరిక అంటే అదీ. గడియ తెలియకపోయినా జాగ్రత్త పడవచ్చు. ఎలాగూ తెగుతుంది కదా అని కట్ట మీద మూటలు వేసేవారు పని మానుకొని ఉంటే ఏమయ్యేదో వేరే చెప్పనక్కరలేదు. మెలకువగా ఉండమన్న బైబిల్ మాటను కూడా ఇలాగే అర్థం చేసుకోవాలి.

ఎదురుచూస్తూనే కట్టినవారు

క్రీస్తు రాకడను గట్టిగా నమ్మినవారు మన ప్రాంతంలో ఏమి చేశారో చూస్తే ఈ సంగతి ఇంకా తేటపడుతుంది. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం క్షయ ఆసుపత్రి 1912లో మొదలైంది. అనేక మిషన్లు చేయి కలిపి దాన్ని నెలకొల్పాయి. డెన్మార్కు నుంచి వచ్చిన డాక్టర్ ఫ్రిమోట్ మోలర్ దానికి తొలి పెద్ద. అప్పటికి క్షయకు మందు లేదు. స్ట్రెప్టోమైసిన్ కనుగొన్నది 1943లో. మంచి గాలి, మంచి తిండి, నెలల తరబడి విశ్రాంతి, ఇదే వైద్యం. ఒక్కొక్క రోగిని నెలల పాటు కాచుకొని ఉండే ఓపికతో ఆ పని చేశారు.

చిత్తూరు వారు పెద్ద జబ్బు వస్తే పరుగెత్తే వేలూరు ఆసుపత్రి కూడా అలాంటిదే. ఐడా స్కడర్ 1900లో చిన్నగా మొదలుపెట్టి, 1918లో ఆడవారికి వైద్య పాఠశాల తెరిచారు. చదువు ముగిసి డాక్టరు బయటికి రావడానికే ఏండ్లు పడుతుంది. రేపే లోకాంతమని చేతులు ముడుచుకునేవారు వైద్య పాఠశాల తెరవరు.

విశేషమేమంటే, 1844లో నిరాశపడిన మిల్లర్ అనుచరుల్లో ఒక వర్గమే 1863లో సెవెంత్ డే అడ్వెంటిస్టు సంఘంగా ఏర్పడింది. వారు రాకడ నమ్మకం వదలలేదు, తేదీలు మాత్రం వదిలేశారు. నూజివీడులో 1925 నుంచి ఉన్న గిఫర్డ్ మెమోరియల్ ఆసుపత్రి ఆ సంఘం వారిదే. బంగాళాదుంపలు భూమిలో వదిలేసిన వారి వారసులు తెలుగునాట రోగులకు మంచాలు వేశారు.

విశ్వాసులకు పాఠాలు

మొదటిది, పని మానరాదు. గ్రీసు దేశంలోని థెస్సలొనీకలో మొదటి శతాబ్దంలోనే కొందరు ప్రభువు దినం వచ్చేసిందని నమ్మి పనీపాటా లేకుండా తిరిగారు. పౌలు వారిని గట్టిగా మందలించాడు. పని చేయనివాడికి తిండి అడిగే హక్కు లేదన్నంత మాట అన్నాడు. ఆయన కూడా గుడారాలు కుట్టి పొట్ట పోసుకున్నవాడే.

రెండవది, తీర్పులో అడిగే ప్రశ్నలు ముందే చెప్పారు. మత్తయి 25వ అధ్యాయం ప్రకారం, ఆకలిగొన్నవానికి అన్నం పెట్టావా, పరదేశిని ఇంట చేర్చుకున్నావా, రోగిని పరామర్శించావా అన్నవే ఆ ప్రశ్నలు. లోకాంతం ఏ సంవత్సరమో లెక్క కట్టావా అన్న ప్రశ్న అందులో లేదు.

మూడవది, భయపెట్టి పసిపిల్లల నిద్ర చెడగొట్టడం బోధ కాదు. రోగికి మందు మాన్పించడం, పిల్లవాడికి బడి మాన్పించడం అంతకన్నా కాదు.

రేపే లోకం ముగుస్తుందని తెలిసినా ఈరోజు ఆపిలు మొక్క నాటుతానని మార్టిన్ లూథర్ అన్నట్టు ఒక మాట ప్రచారంలో ఉంది. ఆయన రచనల్లో ఎక్కడా ఈ మాట లేదనీ, 1944కు ముందు దీని జాడ కనబడదనీ పరిశోధకులు తేల్చారు. ఎవరన్నా మాట మంచిదే. మామిడి నాటి కాపు కోసం ఏండ్లు కాచుకునే చిత్తూరు రైతుకు దాని అర్థం విడమరచి చెప్పనక్కరలేదు.

ఎవరైనా వచ్చి ఫలానా తేదీకి అంతా అయిపోతుంది, కయ్య అమ్మి కానుక ఇవ్వండి అంటే కోప్పడవద్దు. కూర్చోబెట్టి మూడు ప్రశ్నలు అడగండి. ఈ తేదీ గ్రంథంలో ఏ అధ్యాయంలో ఉంది? మీ ఇల్లు, మీ పొలం మీరు ముందుగా అమ్మారా? ఆ తేదీ మరునాడు మా పిల్లలకు సంగటి ఎవరు పెడతారు? వీటికి జవాబు చెప్పలేనివారి చేతిలో ఇంటి పత్రాలు పెట్టకండి.